రాకాసి దిబ్బల వారసులు

అనగనగా ఒకప్పుడు, తుమ్మలకోన అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యం పొలిమేరలో, కొండ కింద, పన్నెండు మట్టిదిబ్బలు ఉండేవి. ఒక్కో దిబ్బ చుట్టూ ఏనుగంతేసి బండలు. వాటిని ఎవరు నిలబెట్టారో ఎవరికీ తెలియదు. రాకాసులు కట్టుకున్న గుళ్ళని జనం చెప్పుకునేవారు.

గొర్రెలు కాసే ఓబుళక్కకు మాత్రం ఆ దిబ్బలంటే భయం లేదు. రోజూ వచ్చి, "బాగున్నారా పెద్దలూ?" అని పలకరించి, చద్దిమూట విప్పుకునేది.

ఒకనాడు రత్నశెట్టి అనే వర్తకుడు కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు.

"లేవమ్మా, లే! ఈ బండలతో ధాన్యపు కొట్టు కడుతున్నాను. రాజుగారు సెలవిచ్చారు."

"అయ్యో శెట్టిగారూ, ఇవి సమాధుల్లా ఉన్నాయండీ!"

"ఎవరివి? వారసులుంటే రమ్మను, వదిలేస్తాను!"

కూలీలు ఒక బండను పెకలించారు. కింద మట్టికుండ. అందులో పసిబిడ్డ ఎముకలు, చిన్న గవ్వల దండ. పక్కనే నున్నగా నూరిన రాతిగొడ్డలి. ఇనుము ఎరుగని కాలంలో ఎవరో బిడ్డను అక్కడ పడుకోబెట్టి వెళ్ళారు.

ఓబుళక్క కళ్ళు చెమర్చాయి. భుజం మీది గొంగడి తీసి కుండకు కప్పి, అడ్డంగా కూర్చుంది. కూలీలు గడ్డపారలు కింద పెట్టేశారు.

శెట్టి రుసరుసలాడుతూ వెళ్ళి, రాజునూ మంత్రినీ పిలుచుకొచ్చాడు. ఓబుళక్క లేచి దండం పెట్టింది.

"మహారాజా, వారసులు వస్తే వదిలేస్తానన్నారు శెట్టిగారు. ముగ్గురినీ ఒక్క మాట అడగనివ్వండి."

"అడుగు."

"శెట్టిగారూ, మీ తాత పేరు?"

"వీరిశెట్టి!"

"ఆయన తాత?"

శెట్టి నోరు తెరిచి, మళ్ళీ మూశాడు.

మంత్రి వేళ్ళు మడిచి లెక్కపెడుతూ ఏడు తరాలు చెప్పి, తలపాగా గోక్కున్నాడు.

రాజుగారి వెంట వంశం పొగిడే భట్రాజు ఉన్నాడు. అతడు ఊపిరి తిప్పుకోకుండా ఇరవై ఒక్క తరాలు చదివేశాడు.

"ఇరవై రెండో ఆయన?" అంది ఓబుళక్క.

భట్రాజు నేల చూపులు చూశాడు.

"మరి ఆయన ఈ దిబ్బల్లో లేడని ఎవరు చెప్పగలరు ప్రభూ? ఈ బిడ్డ ఆయన చెల్లెలు కాదని ఎవరు చెప్పగలరు?"

దానికి ఒక గొర్రె "మే" అని జవాబిచ్చింది. రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే గుర్రం దిగి, చెప్పులు విడిచి, కుండ ముందు తల వంచాడు.

"వారసులం మనమందరమూ! ఇకమీద ఈ దిబ్బల మీద ఎవరూ గడ్డపార వేయరాదు. వీటికి కాపరి ఓబుళక్క."

బండను తిరిగి నిలబెట్టడానికి రాజే ఒక చెయ్యి వేశాడు. శెట్టి కూడా బండ పట్టి, చెమటలు కక్కుతూ అడిగాడు:

"ఓబుళక్కా, మా తాతకు తాత కూడా ఇక్కడే ఉంటాడంటావా?"

"ఉన్నా ఉండవచ్చు శెట్టిగారూ. కాస్త మెల్లగా దించండి!"

పేరు తెలియనంత మాత్రాన పూర్వులు పరాయివాళ్ళు కారు. వారు విడిచి వెళ్ళిన గురుతులను కాపాడటం బతికి ఉన్నవారందరి పని.