ఒడ్డున ఆగిన పేజీ

జెకర్యా అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకునేవారు. ఆపైన ఎవరింటికో బయలుదేరేవారు. అడిగినవాడు వెంట నడవాలి. ఆ నడకలో జవాబు దొరికినవాళ్ళు కొందరున్నారు, కాళ్ళనొప్పులు మాత్రమే దక్కినవాళ్ళూ ఉన్నారు. సముద్రతీరాన ఉన్న ఆ చిన్న దైవశాస్త్ర పాఠశాలలో ఆయన ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నారు గనుక ఈ అలవాటు ఎవరికీ వింతగా తోచేది కాదు.

ఆ సంవత్సరం పాఠశాలకు రెండు పెట్టెల నిండా నవలలు వచ్చాయి. జీవితమంతా బడిపిల్లల మధ్య గడిపి కన్నుమూసిన ఒక ఉపాధ్యాయిని తన పుస్తకాలన్నీ గ్రంథాలయానికి రాసి వెళ్ళింది. అన్నీ క్రైస్తవ నవలలే. రోమా చక్రవర్తుల నాటి హింసలు, నేలమాళిగల్లో చాటుమాటు ఆరాధనలు, పట్టుబడతారా తప్పించుకుంటారా అని ఊపిరి బిగపట్టించే ఘట్టాలు. వాటిలో ఏవి ఉంచాలో, ఏవి పాతకాగితాల కింద తీసేయాలో తేల్చే పని చివరి సంవత్సరం విద్యార్థి ఫిలేమోనుకు అప్పగించారు. అతడు బుద్ధిమంతుడు, చేపట్టిన పనిని త్వరగా ముగించేవాడు. ప్రతి నవలలోనూ చివరి పేజీ మాత్రం చదివాడు. అక్కడ విశ్వాసం గెలిస్తే పుస్తకం అలమరలోకి, లేకపోతే గోనెసంచిలోకి. నాలుగు రోజుల్లో రెండు పెట్టెలూ ఖాళీ అయ్యాయి. అతడిలో ఒక సందేహం మాత్రం తేలకుండా ఉండిపోయింది. ఒక గురువారం మధ్యాహ్నం అయ్యగారిని అడిగాడు.

"అయ్యగారూ, ఈ కథలన్నిటికీ ముగింపు ఒకటే. నమ్మినవాడు నిలుస్తాడు. అది మనకు ముందే తెలుసు. తెలిసిన చోటికి చేరడానికి నాలుగు వందల పేజీలు భయపడుతూ నడవడం విశ్వాసికి తగునా?"

అయ్యగారు చెప్పులు వేసుకున్నారు. "సంపూర్ణమ్మ ఇంటికి వెళ్దాం," అన్నారు.

ఆ ఇంటికే ఎందుకో ఫిలేమోనుకు తెలుసు. సంపూర్ణమ్మ బెస్తవాడలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె భర్త తీతు సోమవారం పొద్దున మరో ముగ్గురితో కలిసి చేపల వేటకు వెళ్ళాడు. ఆ సాయంత్రం గాలి లేచింది. మంగళవారానికి మిగిలిన బోట్లన్నీ ఒడ్డు చేరాయి. తీతు ఎక్కిన బోటు మాత్రం రాలేదు. అప్పటినుంచి ఆమె గుక్కెడు గంజి ముట్టలేదు, మాట్లాడలేదు, ఏడవనూ లేదు. చక్కెర జబ్బు ఉన్న మనిషి. ఇంకొక్క రోజు ఇలాగే గడిస్తే ప్రాణం మీదికి వస్తుందని బెస్తవాడంతా భయపడుతోంది. దారి పొడుగునా ఫిలేమోను ఓదార్పు మాటలను మనసులో వరుసగా పేర్చుకున్నాడు.

ఆమె ఆడపడుచు రాహేలు గుమ్మంలోనే ఎదురైంది. "వందనాలు అయ్యగారూ. మీరైనా చెప్పండి. వదిన రాయిలా కూర్చుంది."

సంపూర్ణమ్మ చాప మీద గోడకు ఆనుకుని ఉంది. పక్కన ఒక పుస్తకం తెరిచినది తెరిచినట్టే బోర్లించి ఉంది. ఫిలేమోను దాన్ని గుర్తుపట్టాడు. కిందటి ఆదివారం ఆరాధన ముగిశాక అలమరలోంచి తీసి ఆమెకు ఇచ్చింది తనే. పేర్చుకున్న మాటలన్నిటికంటే మంచి మాట దొరికినట్టు అతడికి తోచింది.

"దిగులుపడకండమ్మా. ఆ పుస్తకం నాకు తెలుసు. ఓడ మునిగినా, సంకెళ్ళలో ఉన్న ఆ ఖైదీ చివరికి క్షేమంగా ఇల్లు చేరతాడు. తీతుగారూ అలాగే వస్తారు."

సంపూర్ణమ్మ తల తిప్పి అతడిని చూసింది. "చివర చదివేశారా చిన్నయ్యగారూ? అయితే ఇంక మీకు కంగారు లేదు." మళ్ళీ గోడవైపు తిరిగింది.

"రెండు రోజులకి నోరు తెరిచింది, అదీ మిమ్మల్ని దెప్పడానికి," అంది రాహేలు. "పోనీలెండి, అదే పదివేలు."

అయ్యగారు చాప అంచున కూర్చుని పుస్తకాన్ని మూయకుండా తిప్పారు. ఆమె ఆపిన చోటినుంచే పైకి చదవసాగారు. ఆయనకు ఆ కథ తెలియదు. పేర్ల దగ్గర తడబడుతూ, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతూ సాగారు. ఓడ జాడ లేదు. ఖైదీ భార్య రేవులో నిలబడింది. ఉదయం నుంచి సాయంత్రం దాకా, ముసుగు గాలికి ఎగురుతుండగా, కదలకుండా అలాగే నిలబడింది.

"తప్పు," అంది సంపూర్ణమ్మ.

"ఏది తప్పమ్మా?"

"నిలబడిందని రాశాడు. ఒడ్డున ఎవరు నిలబడతారయ్యా? మోకాళ్ళు నిలవవు. కూలబడి ఇసక పిడికిట్లోకి తీసుకుంటాం, వదిలేస్తాం. రాసినాయన ఎన్నడూ ఎవరికోసమూ ఎదురుచూసి ఉండడు."

"చూసి ఉండడు," అని అయ్యగారు ఒప్పుకున్నారు. "నువ్వు ఎక్కడ కూర్చున్నావు?"

ఆమె గోడవైపునుంచి ఇటు తిరిగింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆమె కూర్చున్నది చేపలు ఆరబెట్టే దిబ్బ మీద. అయితే ఆమె మాటలు అక్కడ ఆగకుండా తీతు వేటకు బయలుదేరిన పొద్దుటికి వెళ్ళాయి. క్యారేజీ సర్దమని ఆయన రెండుసార్లు పిలిచాడట. పుస్తకంలో ఖైదీని ఓడ ఎక్కిస్తున్నారు. ఈ ఒక్క పేజీ అవనీ అందట ఈమె.

"తర్వాత?" అన్నాడు ఫిలేమోను. ఆ మాట తన నోటినుంచి వచ్చిందని అతడికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"తర్వాతేముంది. వట్టి అన్నం, ఊరగాయ తనే పెట్టుకున్నాడు. పొయ్యి మీద ఎండు రొయ్యల కూర ఉడుకుతూనే ఉంది. గుమ్మం దాటుతూ, 'నీ ఖైదీ భోంచేశాడా? ముందు ఆయనకు వడ్డించు' అని నవ్వాడు. నేను తలెత్తలేదయ్యా. మొహమైనా చూడలేదు. కూర అలాగే ఉండిపోయింది. ఇంక నేను ఏ నోటితో తినేది?"

అప్పుడు ఆమె ఏడ్చింది. ఫిలేమోను పేర్చుకున్న మాటలు ఒక్కటీ పైకి రాలేదు. వాటికోసం అతడు వెతకనూ లేదు. పొద్దు వాలాక రాహేలు గంజి గిన్నె తెచ్చి వదిన చేతికిచ్చింది. ఆమె సగం తాగి, మిగతాది పక్కన పెట్టింది.

తిరుగుదారిలో గాలి ఇంకా తగ్గలేదు. పాఠశాల గేటు దగ్గర ఫిలేమోను ఆగి అడిగాడు.

"అయ్యగారూ, తీతుగారు వస్తారంటారా?"

"నాకు తెలియదు నాయనా," అన్నారు అయ్యగారు. "ఇప్పుడు నీకూ తెలియదు గనుక, రేపు ఆమె దగ్గరికి నువ్వొక్కడివే వెళ్ళు."