దానంతటదే ఆగే చప్పుడు

దొరవారు పోయి, ఆయన నల్ల కారూ పోయి ఎన్నేళ్లయినా, పెట్రోలు వాసనొస్తే డ్రైవరు పైడయ్యకి ఆ రోజే గుర్తొస్తుంది.

"ఇంజిన్లో ఏదో టకటకా కొట్టుకుంటోంది బాబూ. రేపు పిల్లలతో ఘాట్ రోడ్డెక్కేలోగా మెకానిక్కుకి చూపిద్దాం," అన్నాడు పైడయ్య ఆ రోజు కారు నడుపుతూ.

"చప్పుడే కదరా. పట్టించుకోకపోతే అదే ఆగిపోతుంది," అన్నారు దొరవారు.

ఆ కారు వెనక తలుపు బయటినుంచే తెరుచుకునేది. ఇల్లు చేరాక పైడయ్య ఒక్కడే దిగి, అరుగుమీద కూర్చుని చుట్ట వెలిగించాడు. దొరవారు లోపల్నుంచి అద్దం టకటకా కొట్టారు. చెమటలు కారుతుంటే ఇంకా గట్టిగా కొట్టారు.

చివరికి పైడయ్య తలుపు తీసి, "దానంతటదే ఆగుతుందేమోనని చూశాను బాబూ," అన్నాడు.

దొరవారు గుడ్లురిమి, చెమట తుడుచుకుని, "మెకానిక్కుని పిలువు," అన్నారు.

ఆ తర్వాత ఇంజిన్ ఏమాత్రం టకటకమన్నా ఆయనే ముందుకు వంగి అనేవారు: "పైడయ్యా, లోపలెవరో తలుపు కొడుతున్నారు, చూడు."