చెలమ దగ్గర సింగన్న

అనగనగా ఒక కొండ, ఆ కొండ మీద పాతిక గడపల గూడెం. అందులో సింగన్న అని ఓ వేటగాడు. గురి పెట్టాడంటే తప్పేది కాదంట. ఆయన కోడలు చుక్కమ్మ, మహా చురుకైన పిల్ల.

ఆ యేడు చలికాలంలో చినుకన్నది పడలేదు, మంచూ సరిగ్గా కురవలేదు. మాఘం దాటకుండానే వేడిగాలి మొదలు. వాన లేక వాగెండె, వాగెండి గడ్డి మాడె, గడ్డి మాడి దుప్పి చిక్కె. ఇప్పపూలు కూడా రాలకముందే చెట్టునే మాడిపోయాయి. ఊ కొడుతున్నారా?

వసంతం రాగానే అక్కడ వేట పండగ. మగాళ్ళంతా అడివికి పోవాలి. వట్టి చేతుల్తో వచ్చినవాణ్ణి ఆడాళ్ళు పేడనీళ్ళతో తడిపేస్తారు. సింగన్న ఒంటి మీద ఇన్నేళ్ళలో ఒక్క చుక్క పడలేదు. ఈసారి మూడ్రోజులు తిరిగినా ఏ జంతువూ కనబడలేదు.

"కోడలా, నీళ్ళకెళ్తావుగా, ఎక్కడన్నా దుప్పుల అడుగులు చూశావా?" అనడిగాడు.

చుక్కమ్మ చూసింది మరి! అడివంతా ఎండిపోయి లోయలో ఒక్క చెలమే మిగిలింది. చెలమంటే ఇసకలో తవ్వుకున్న నీటిగుంట. దుప్పులన్నీ అక్కడికే వస్తున్నాయి. తను బిందె ముంచుతుంటే పక్కనే నిలబడుతున్నాయి. చెప్తే వాటి ప్రాణం పోతుంది, చెప్పకపోతే మామ పరువు పోతుంది. అబద్ధమాడలేక, "రా మామా, చూపిస్తా. చూశాక నీ ఇష్టం" అంది.

పొద్దువాలే వేళకి ఇద్దరూ పొద చాటున కూర్చున్నారు. ఓ చూలుదుప్పి వచ్చింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. సింగన్న విల్లెక్కుపెట్టాడు. అది తలెత్తి చూసింది. చూసి కూడా పోలేదు. మళ్ళీ మూతి దించి తడి ఇసక నాకుతోంది. నీళ్ళు అడుక్కి పోయాయి మరి.

సింగన్న చెయ్యి దిగిపోయింది. "నన్ను చూసి పరిగెత్తే ఓపిక కూడా లేనిదాన్ని కొడితే దాన్ని వేటంటారా?" అన్నాడు. అది వెళ్ళేదాకా ఆగి, మామాకోడళ్ళిద్దరూ చేతుల్తో ఇసక తోడారు. తోడగా, తోడగా, తోడగా మోచేతి లోతున నీరూరింది.

మర్నాడు వట్టి చేతుల్తో గూడెంలోకొచ్చాడు. ఆడాళ్ళు కడవలు పట్టుకు నిలబడ్డారు గానీ, అంతటివాడి మీద పొయ్యడానికి ఎవరికీ చెయ్యాడలేదు. "పొయ్యండమ్మా, నేనేం తేలేదు" అని ఆయనే తలొంచాడు. చుక్కమ్మే ముందు పోసింది, ఏడుస్తూ నవ్వుతూ.

ఆ తడి ఒంటితోనే చెలమ సంగతంతా చెప్పాడు. పెద్దలు అది విని తొలకరి పడేదాకా ఎవరూ బాణం తియ్యొద్దన్నారు. రోజుకో ఇంటివాళ్ళు వెళ్ళి చెలమ తోడాలన్నారు.

వానలొచ్చాయి, గడ్డి లేచింది, గడ్డిలో దుప్పిపిల్లలు గెంతాయి. గూడెమంతా చల్లగా ఉంది. చేతిలో బాణముంటే చాలదురా నాన్నా, ఎదటి ప్రాణి ఏ స్థితిలో ఉందో కూడా చూసుకోవాలి.

ఇంక కథ కంచి దారి పట్టింది, మనం పక్కలెక్కుదాం.