భాష రాని శ్రోత

తేజింద బర్మా భిక్షువు. తెల్లదొరల పాలన పోవాలని మాట్లాడినందుకు రెండేళ్ళు జైల్లో పెట్టారు. విడుదలైన రోజు రంగూన్ వీధుల్లో ఆడవాళ్ళు భక్తితో అతని కాళ్ళ కింద తమ జుట్టు పరిచారు. ఆ తర్వాత ఆరు నెలలు ఊరూరా తిరిగాడు. ఈ దేశం మనది, లేవండి అని చెప్పాడు. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. కళ్ళ కింద నల్లచారలు పడ్డాయి.

ఆ వేసవి చివర జనం నిజంగానే లేచారు. అయితే దొరల బంగళాల వైపు వెళ్ళలేదు. కత్తులు పట్టుకుని రేవులో తెలుగు కూలీలుండే పాకల మీద పడ్డారు.

అంతకు ముందు కూలీలు కూలి పెంచమని పని మానేశారు. ఓడల కంపెనీ వాళ్ళ బదులు బర్మావాళ్ళను పిలిచి సరుకు దింపించుకుంది. వారానికి కూలీలు తిరిగి రాగానే, ఇక మీరు పొండని బర్మావాళ్ళను గేటు బయటికి పంపేసింది. ఆ గేటు దగ్గరే గొడవ మొదలైంది. సాయంత్రానికి ఊరంతా పాకింది.

మూడోరోజు పొద్దున తేజింద నది ఒడ్డున ఉన్న తన గురువు మఠానికి వెళ్ళాడు. గురువు పేరు జోతిక. డెబ్బై దాటిన మనిషి. దొరలు బర్మా రాజును ఓడెక్కించి దేశం దాటించిన ఏడు ఆయన కొత్తగా కాషాయం కట్టాడు. అప్పట్నుంచీ ఎన్నో తిరుగుబాట్లు చూశాడు. ఎంతోమందికి అంత్యక్రియలు చేయించాడు.

మఠం సావడి నిండా తెలుగు కూలీలున్నారు. ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్ళు ఎనభై మందికి పైనే. మఠంలోని భిక్షువులు వాళ్ళ గాయాలు కడుగుతున్నారు. జోతిక ఒక్కడే పొయ్యి దగ్గర కూర్చుని అన్నం కుండ దించుతున్నాడు.

తేజింద మూడుసార్లు మొక్కి కూర్చున్నాడు. తానెప్పుడూ కూలీల మాటే ఎత్తలేదన్నాడు. దొరల గురించే చెప్పానన్నాడు. ఆ కూలీలనూ దొరల ఓడలే తెచ్చాయి కదా, జనానికి కోపం రాదా అన్నాడు. అంతలోనే ఆ మాట తనకే నచ్చక తల దించుకున్నాడు.

"లేవమన్నది నేనే గురువుగారూ. తప్పు నాదేనా?"

జోతిక అన్నం ఒక బకెట్‌లోకి వంపి, గరిటె అందులో పెట్టి, బకెట్ అతని ముందుకు జరిపాడు.

తేజింద తెల్లబోయాడు. "మనం భిక్ష తీసుకునేవాళ్ళం. వడ్డించేవాళ్ళం కాదు కదా?"

"అవును" అన్నాడు జోతిక. బకెట్ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తేజింద సావడిలోకి వెళ్ళాడు. బర్మా మొహం కనపడగానే ముందు వరసలోని వాళ్ళు గోడకి ఒదిగారు. ఒకావిడ కొంగు మొహం మీదికి లాక్కుంది. అతను వంగి వడ్డించుకుంటూ వెళ్ళాడు. ఎవరూ తలెత్తలేదు.

చివర్న అసిరయ్య అనే కూలీ కూర్చున్నాడు. మోచేతికి కట్టు ఉంది. అతనొక్కడే తలెత్తి చూశాడు. చూసి, గుర్తుపట్టి, వచ్చీరాని బర్మా భాషలో బజారు వెనక మైదానంలో మీరు మాట్లాడారు కదా అని అడిగాడు. పని దిగాక మరో నలుగురితో కలిసి వచ్చి, వెనకాల నిలబడి విన్నాడట.

"నీకు మా భాష అర్థమైందా?" అన్నాడు తేజింద.

"సగం తెలీలేదు సామీ. దొర పోవాల అన్నారు. అది తెలిసింది. మా ఊళ్ళోనూ అదే అంటున్నారు. చప్పట్లు కొట్టాం."

నీతో వచ్చినవాళ్ళేరని తేజింద అడిగాడు. అసిరయ్య ఇద్దరిని చూపించాడు. మిగతా ఇద్దరి గురించి ఏమీ అనకుండా అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

తేజింద ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చి గురువు పక్కన కూలబడ్డాడు. విన్నదంతా చెప్పాడు. ఇందాకటి ప్రశ్న మళ్ళీ అడగలేదు. గొడవ చల్లారగానే అదే మైదానంలో సభ పెడుతున్నారనీ, తననే మాట్లాడమన్నారనీ చెప్పాడు.

"ఏం చెప్పమంటారు?"

జోతిక అలసటగా కళ్ళు మూసుకుని అడిగాడు. "చనిపోయిన ఆ ఇద్దరి పేర్లేమిటి?"

తేజింద లేచి మళ్ళీ సావడిలోకి వెళ్ళాడు.

ఒకడి పేరు పైడయ్య. రెండోవాడిది తవిటినాయుడు. ఆ రెండో పేరు తేజిందకి నోరు తిరగలేదు. అసిరయ్య తినడం ఆపి, సరిగ్గా పలికేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించాడు.

వారం తర్వాత సభ జరిగింది. మైదానం నిండింది. తేజింద లేచి నిలబడి ముందుగా ఆ రెండు పేర్లూ పలికాడు. వాళ్ళెవరో, ఎలా పోయారో, అంతకు ముందు ఇదే మైదానంలో ఎక్కడ నిలబడ్డారో చెప్పాడు. జనంలో గొణుగుడు మొదలైంది. తర్వాత ఒక్కొక్కరే లేచారు. చూస్తుండగానే సగం మైదానం ఖాళీ అయింది.

వెళ్ళేవాళ్ళందరూ వెళ్ళేదాకా తేజింద ఆగాడు. అప్పుడు మిగిలినవాళ్ళను కాస్త ముందుకు వచ్చి కూర్చోమని, ఆ బొంగురు గొంతుతోనే దొరల గురించి మొదలుపెట్టాడు.