అడవినీలి యువరాజు పోయిన పది రోజులు

ఒకానొక రాజ్యంలో రాజుగారి మీసం కంటే పొడుగైన మీసం ఎవరూ పెంచరాదని శాసనం ఉండేది. ఆ రాజ్యం పేరు కొలనుగిరి, రాజు పేరు మాణిక్యభూపతి. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే పొగడ్త లేనిదే ఆయనకు అన్నం అరిగేది కాదు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆ కోపంలో ఎవరి తలైనా తీయించేవాడు. చల్లబడ్డాక అయ్యో పాపం అని విచారించేవాడు. రాజు విచారిస్తే మాత్రం తెగిన తల తిరిగి అతుక్కుంటుందా?

ఆయనకు ఒకసారి కొండరాజ్యం నుంచి గుప్పెడు అడవినీలి విత్తనాలు కానుకగా వచ్చాయి. ఈ మొక్క ఒకసారి వేరు పట్టిందంటే మనిషి ఆయుష్షంత కాలం బతుకుతుందనీ, మూడో ఏట నీలాల గుత్తుల్లాంటి పూలు పూస్తుందనీ తెచ్చిన దూత చెప్పి వెళ్ళాడు. రాజు వాటిలో సగం విత్తనాలను బంగారు కుండీలో నాటించి, రోజూ పన్నీరు పోయించాడు. నెల తిరిగినా ఒక్కటీ మొలకెత్తలేదు.

మిగిలిన సగం తోటమాలి బోడెన్న చేతికి వచ్చాయి. అతను వాటిని గరుకు రాతి మీద ఇసుక వేసి రుద్దాడు. ఆపైన ముంతలో పోసి కాగిన నీళ్ళు కుమ్మరించాడు. చూసిన భటులు గుండెలు బాదుకున్నారు. రాజుగారి విత్తనాలకు తోటమాలి గుగ్గిళ్ళు వండుతున్నాడని కోటంతా గగ్గోలు పుట్టింది. రాజు పరుగున వచ్చి అడిగితే, "ఇవే ఇనుప గుగ్గిళ్ళలా ఉన్నాయి దొరా. పెంకు కాస్త అరగకపోతే లోపలికి నీళ్ళు దిగవు" అన్నాడు బోడెన్న భయపడుతూనే.

అన్నట్టే మొలిచింది. అన్నిట్లోకీ ఒకే ఒక్కటి.

రాజుకు నలుగురు కొడుకులు. తండ్రి ఏం చెప్పినా నలుగురిలో ఒక్కడూ తల ఊపేవాడు కాదు. ఈ మొక్క మాత్రం గాలి వీచినప్పుడల్లా ఆయన మాటకు తల ఊపింది. దాంతో రాజు పొంగిపోయి, నిండు సభలో దాన్ని దత్తత తీసుకున్నాడు. ఆస్థాన పురోహితుడు శేషావధానులు మంత్రం చెప్పి నీళ్ళు వదిలి, నీలరాజు అని నామకరణం చేశాడు. అన్నప్రాశన కూడా చేశారు. పాయసం మొక్క మొదట్లో పోస్తే చీమలు బారులు తీరాయి. బోడెన్న ఎవరూ చూడకుండా కడిగేశాడు. రాణిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆస్థానంలో చమత్కారి అని పేరుపడ్డ కోనంభట్టు మాత్రం, పట్టాభిషేకం ఎప్పుడని వినయంగా అడిగాడు. రాజు దానికీ సంతోషించాడు.

ఆ తరువాత రాజు సరిహద్దులు చూసి రావడానికి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే చలి ముదిరింది. నీలరాజు ఆకులు నల్లబడి రాలిపోయాయి. కాడ ఎండి కట్టెపుల్ల అయింది. నీళ్ళెక్కువై చచ్చిందేమోనని బోడెన్న నీళ్ళు మానేశాడు. తరువాత, యువరాజుకు దిష్టి తగులుతుందని చెప్పి చుట్టూ తడిక కట్టాడు. తడిక దిష్టిని ఆపుతుందేమో గానీ, రాజును ఆపుతుందా? ఆయన ఊరేగింపుగా తిరిగి వచ్చి, పల్లకీ దిగీ దిగగానే తోటలోకి వచ్చి తడిక లాగేశాడు. లోపల ఒక నల్లటి పుల్ల ఉంది.

రాజు నోట వచ్చిన మొదటి మాట, బోడెన్న తల తీయమని. కన్నకొడుకు వంటివాణ్ణి చంపిన హంతకుడికి మర్నాడు సభలో సింహాసనం మీద నుంచే శిక్ష చెబుతానన్నాడు. చెప్పిన వెంటనే అమలు.

బోడెన్న భార్య రంగి వెళ్ళి కోనంభట్టు గడప మీద కూలబడింది. ఎప్పుడూ నవ్వించే భట్టు ఆమె పక్కనే చతికిలబడ్డాడు. ఒక పుల్ల కోసం ఒక మనిషి పోతున్నాడన్న మాట ఆయనకు మింగుడు పడలేదు. నీ మొగుడు ఎవర్ని చంపాడంటున్నారే అని అడిగాడు.

"యువరాజుగార్నంట, అయ్యా" అంది రంగి ఏడుస్తూ.

భట్టు మళ్ళీ అడిగి అదే మాట విన్నాడు. లేచి నూతి దగ్గరికి నడిచి, కట్టుబట్టలతో నెత్తిన రెండు చేదల నీళ్ళు కుమ్మరించుకున్నాడు.

మర్నాడు కోనంభట్టు అలాగే తడిబట్టలతో, నీళ్ళోడుతూ సభకు వచ్చాడు. సభికులు విస్తుపోయారు. ఆయన నేరుగా సింహాసనం ముందుకు వెళ్ళి, "ఏలినవారు ఇంకా స్నానం చేయలేదా? దిగండి ప్రభూ. మైలలో సింహాసనం ముట్టుకోరాదు" అన్నాడు.

రాజును దిగమన్నవాడు కొలనుగిరిలో అంతవరకు పుట్టలేదు.

"ఎవరికిరా మైల?" అన్నాడు రాజు.

"కొడుకు పోయాడు కదా ప్రభూ. అవధానులుగారు మంత్రం చెప్పి దత్తత ఇప్పించిన కొడుకు."

అందరూ శేషావధానుల వైపు చూశారు. పాపం ఆయన ముఖం పాలిపోయింది. దత్తత చెల్లదంటే తన మంత్రానికి తప్పు, చెల్లుతుందంటే రాజుకు మైల. ఆయన గొంతు సవరించుకుని, రాజ్యకార్యంలో ఉన్న రాజులకు మైల అంటదని శాస్త్రం ఉంది అన్నాడు. రాజు ఊపిరి పీల్చుకున్నాడు.

కోనంభట్టు చేతులు జోడించాడు. "కొడుకు పోయిన మైల అంటకపోతే, పోయినవాడు కొడుకు కాడు, ఎండిన పుల్ల. పుల్ల ఎండితే హత్య లేదు, బోడెన్నను వదిలేయండి. పోయినవాడు కొడుకే అయితే మైల ఉంది, పది రోజులు తీర్పు చెప్పరాదు. రెంటిలో ఏదైనా సరే, నోటితో ఒక్కటే చెప్పండి ప్రభూ."

రాజు సింహాసనం మీద అటూ ఇటూ కదిలాడు. పుల్ల అందామంటే, నిండు సభలో పుల్లను దత్తత చేసుకున్నవాడవుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి పళ్ళు కొరుకుతూ సింహాసనం దిగి స్నానానికి వెళ్ళాడు. బోడెన్నను చెరలో పెట్టారు.

ఇక ఆ పది రోజులు కోట చూడాలి. మేళాలు లేవు, తాంబూలాలు లేవు. రాజుగారికి చాప మీద పడక, ఉప్పూ కారం లేని చప్పిడి కూడు. ఎండిన కాడను కోసి, గంధపు చెక్కల మీద పెట్టి దహనం చేశారు. యువరాజు వేరు తోటలోనే ఉంది కనుక నీళ్ళు అక్కడే వదలాలని భట్టు పట్టుబట్టాడు. రాజు రోజూ తెల్లవారకముందే వచ్చి, ఆ మోడు మీద నువ్వులు కలిపిన నీళ్ళు తన చేత్తో వదిలేవాడు. మొదట కోపంతో విసిరినట్టు పోసేవాడు. రాను రాను చెయ్యి మెత్తబడింది. నాలుగో రోజున బోడెన్న అన్నం తింటున్నాడా అని చెరసాల కాపలావాణ్ణి అడిగాడట. కానీ ఆడిన మాట వెనక్కి తీసుకోవడం రాజులకు చాతకాదు కదా, పదో రోజు రానే వచ్చింది.

ఆ ఉదయం తోటలో మంగలి పీట వేసుకుని కత్తి నూరుతున్నాడు. రాజు తెల్లబోయి ఇదేమిటన్నాడు. శేషావధానులు నేల చూపులు చూస్తూ, కర్మ చేసే కర్త మీసం తీయించుకోక తప్పదు మహాప్రభూ అన్నాడు. రాజు చెయ్యి దానంతట అదే మీసం మీదికి వెళ్ళింది. ఏ మీసానికైతే శాసనం ఉందో, ఆ మీసం.

కడసారి నీళ్ళు వదలడానికి రాజు మోడు దగ్గర వంగాడు. వంగినవాడు లేవలేదు.

"భట్టూ, ఇటు రా" అన్నాడు.

మట్టి పగిలి ఉంది. పగులులోంచి ఒక మొలక తల ఎత్తింది. రోజూ పోసిన నువ్వులు మొలిచి ఉంటాయని శేషావధానులు అన్నాడు. నువ్వుల మొలకలు పక్కన గడ్డి పోచల్లా సన్నగా ఉండనే ఉన్నాయి. ఇది మాత్రం చిటికెన వేలంత లావుంది, బూడిద రంగు మీద నీలి ఛాయ. రాజు బోడెన్నను తెప్పించాడు. అతను మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తీసి చూసి, బావురుమన్నాడు.

"పాత వేరు నుంచే వచ్చింది దొరా. చావలేదు. చలికి పడుకుంది. మీరు పోసిన నీళ్ళకు లేచింది."

రాజు మంగలిని వెళ్ళిపొమ్మన్నాడు. మీసం తడిమి చూసుకుని కోనంభట్టు వైపు తిరిగాడు. ఇది బతికే ఉందని నీకు ముందే తెలుసు కదా అని అడిగాడు. నిజానికి ఆ తోటలో అందరికంటే ఎక్కువ నివ్వెరపోయినవాడు భట్టే. ఆయన కళ్ళు ఇంకా మొలక మీదే ఉన్నాయి.

"తెలియదు ప్రభూ, మీ పాదాల తోడు. పది రోజులు ఉప్పు లేని కూడు తింటే ఏలినవారి కోపం చల్లారుతుందని మాత్రం తెలుసు."

రాజు ఆ మాటకు పగలబడి నవ్వాడు. "కోపం నాలుగో రోజే చల్లారిందిరా. అప్పటినుంచీ మీసం కోసమే ఏడుస్తున్నాను" అన్నాడు. అవధానులు నవ్వాడు, మంగలి నవ్వాడు, బోడెన్న ఏడుస్తూనే నవ్వాడు.

రాజు బోడెన్న సంకెళ్ళు తన చేత్తో విప్పి, ఏం కావాలో కోరుకోమని భట్టును అడిగాడు. అగ్రహారమూ, సువర్ణమూ భట్టుకు అక్కర్లేకపోయాయి. ఇకమీదట ఎవరికి మరణశిక్ష వేసినా, దాన్ని అమలు చేసేలోపు ఏలినవారు పది రోజులు చప్పిడి కూడు తినాలి, అదే తన బహుమానం అన్నాడు. రాజు ఒప్పుకున్నాడు. ఉప్పు మీద మమకారమో, మనసు మారడమో గానీ, ఆ తరువాత కొలనుగిరిలో ఒక్క తలా తెగలేదు.

మూడో ఏట నీలరాజు గుత్తులు గుత్తులుగా పూశాడు. దాని తరువాతా ప్రతి చలికాలంలోనూ యువరాజు పోతూనే ఉండేవాడు. తోటవాళ్ళు కంగారుపడి కబురు తెస్తే, మాణిక్యభూపతి మీసం దువ్వుకుంటూ, "నీళ్ళు పోయండి, లేస్తాడు" అనేవాడు.