బుద్ధి వచ్చాకే పిల్ల

పళ్ళాలు అనే ఆయన ఇంట్లో తెలివి మరీ ఎక్కువైపోయింది. మిగిలింది వీధివాళ్ళకి పంచుదామనుకున్నారుగానీ, పుచ్చుకునేవాళ్ళు దొరకలేదు.

అలాంటి ఇంట్లో కొడుకు తాతబ్బాయికి ఆడపిల్ల పుట్టింది. పురిటికి పంపితే పుట్టింటివాళ్ళ తెలివితక్కువతనం పిల్లకి అంటుతుందని, కోడలు అనంతలక్ష్మిని పంపనే లేదు. పిల్ల పుట్టీ పుట్టకముందే ఆమె తల్లిగా పనికిరాదని కూడా తేల్చేశారు.

"పిల్ల ఏడుస్తోందంటే తల్లికి పెంచడం రానట్టేగా!" అన్నాడు పళ్ళాలు.

"నేను పుట్టినప్పుడు అస్సలు ఏడవలేదు, నాకు బాగా గుర్తు," అన్నాడు తాతబ్బాయి.

"అదీ పెంపకమంటే!" అని మురిసిపోయింది వాళ్ళమ్మ నూకాలు.

అనంతలక్ష్మి పిల్లని జోకొడుతూ కూర్చుంది. నిద్ర లేక, కుట్ల నొప్పితో ఉన్న మనిషికి ఎదురు చెప్పడానికి ఓపికుండొద్దూ!

ఆవేళ కుట్లు విప్పించడానికి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్దామని తల్లి వరాలమ్మ వచ్చింది. ఈ మాటలన్నీ గుమ్మంలోనే విన్నది. "సరే అల్లుడూ, మేమొచ్చేదాకా పిల్లని మీరే చూసుకోండి. కులాసాగా ఉంటే సరే. లేదా, తల్లీపిల్లల్ని నాతో తీసుకుపోతా."

తాతబ్బాయి పరుగున వెళ్ళి పిల్ల పక్కన కాపలా కూర్చున్నాడు. పిల్లంటే వాడికి ప్రాణం. అది వేలు పట్టుకుందని వీధివీధంతా చెప్పొచ్చినవాడు మరి!

"కంటికి రెప్పలా చూసుకోండి. గిన్నెలో నా పాలు పిండి ఉంచాను, లేస్తే పట్టండి," అని చెప్పి అనంతలక్ష్మి వెళ్ళింది.

"రెప్ప ఏం చేస్తుందిరా?" అన్నాడు పళ్ళాలు.

"మూస్తుంది, తెరుస్తుంది."

అంతే! దుప్పటి చెరో కొసా పట్టుకుని పిల్ల మీద కప్పడం, తీయడం, కప్పడం, తీయడం. హాయిగా నిద్రపోతున్న పిల్ల ఆ విసురుకి లేచి కెవ్వుమంది.

"లేచింది, పాలు పట్టరా!"

ఇంకేముంది, తాతబ్బాయి గిన్నెని రెండు చేతులా బిగించి పట్టాడు. పిల్ల ఇంకా ఏడ్చింది. "పట్టు చాలట్లేదు," అని నూకాలు ఓ చెయ్యి వేసింది. పళ్ళాలూ వేశాడు. ముగ్గురూ చెమటలు కక్కుతూ పట్టారు. పాలు ఎక్కడికీ పోలేదు, పిల్ల నోట్లోకి కూడా.

పక్కింటి సూరమ్మ గోడ మీంచి కేకేసింది. "గుడ్లప్పగించి చూస్తారేం? ఎత్తుకోండి పిల్లని!"

"ఎంత ఎత్తు?" అన్నాడు తాతబ్బాయి.

సూరమ్మ నుదురు కొట్టుకుని, పొయ్యి మీద అన్నం మాడుతోందని లోపలికి పరిగెత్తింది.

"నుదురు చూపించింది. అంత ఎత్తన్నమాట," అన్నాడు పళ్ళాలు.

"మన పిల్లకి అంత తక్కువా?" అంది నూకాలు.

అంతే! మెత్తగా చీర పరిచి, చేటలో పడుకోబెట్టి, పసిదాన్ని అటకెక్కించారు.

వరాలమ్మ వచ్చేసరికి చింతపండు కుండల మధ్య నుంచి ఏడుపు. ఆవిడే నిచ్చెనెక్కి దించింది. తల్లి ఒళ్ళోకి రాగానే పిల్ల గుటకలు వేస్తూ ఊరుకుంది.

"చూశావా అత్తా, ఆకలి ఎంత బాగా పెంచామో!" అన్నాడు తాతబ్బాయి.

"తల్లి పనికిరాదన్న పెద్దమనుషులు మీరేనా? నీకు బుద్ధి వచ్చేదాకా పిల్లని పంపేది లేదు!" అని వరాలమ్మ ఇద్దరినీ తీసుకుపోయింది.

తాతబ్బాయి భోరుమన్నాడు. ఆనక గుమ్మంలో పీట వేసుక్కూర్చున్నాడు.

"బుద్ధి మనింట్లోనే ఉందిగా, మళ్ళీ రావడమేంటి నాన్నా?"

"ఇది వేరేదిరా. మీ అత్త తరఫు చుట్టం అయ్యుంటుంది."

ఇంకేముంది, వచ్చేపోయేవాళ్ళందరినీ అడగడమే. "నువ్వేనా బుద్ధి?" అంటే గ్యాసుబండ తెచ్చినతను, "అది లేకే మీ వీధికొచ్చాను," అని వెళ్ళిపోయాడు. నూకాలు మాత్రం బుద్ధి కోసం రోజూ ఓ విస్తరి ఎక్కువ వేసింది.

కొన్నాళ్ళకి అనంతలక్ష్మికే మనసు కరిగింది. అమ్మని ఒప్పించి పిల్లతో వచ్చింది. తండ్రిని చూసి పిల్ల బోసినవ్వు నవ్వింది. తాతబ్బాయి ఉరికి చేతులు చాచాడు. అంతలోనే వెనక్కి లాక్కున్నాడు.

"అదేంటే, నువ్వు ముందొచ్చేశావు! బుద్ధి ఇంకా రాలేదు!"

"రాకపోయినా పరవాలేదులే, నేను సర్దుకుంటా. పిల్లని ఎత్తుకోండి."

"మళ్ళీ అటకా? వద్దు! అత్త మాట జవదాటను."

కళ్ళు తుడుచుకుంటూ తల్లీపిల్లల్ని బయటే ఉంచి తలుపేసి గడియ పెట్టాడు. బుద్ధి వస్తే ఇబ్బంది పడకూడదని, కిటికీ మాత్రం బార్లా తెరిచి ఉంచాడు.