పాలపిట్ట కడుపులో బద్దెపురుగులు

ఇలా దగ్గరికి జరగండర్రా. దుప్పటి నాక్కూడా కాస్త వదలండి. ఊఁ.

అనగనగా, మనుషులకంటే గుర్రాలకే మర్యాద ఎక్కువ జరిగే ఓ ఊరుండేది. గవ్వలకోట దాని పేరు. ఆ ఊరి రాజుగారికి గుర్రాలంటే ప్రాణం. లాయంలో నలభై గుర్రాలు! నల్లవి, తెల్లవి, ఎర్రవి, మచ్చలవి. పొద్దున్నే ఉలవ గుగ్గిళ్ళు, మధ్యాన్నం పచ్చగడ్డి, సాయంత్రం ఒళ్ళు రుద్దడం. నాకే జరగలేదర్రా అంత సేవ, మీ తాతని కట్టుకున్నాక!

ఆ లాయం చూసుకునేవాడు కొమరయ్య. అతని పెళ్ళాం సూరమ్మ. వాళ్ళకి కొత్తగా కోడలొచ్చింది, నాంచారి అని. నాంచారి పుట్టింటివాళ్ళు గొర్రెలు కాసుకునేవాళ్ళు. అందుకని సూరమ్మకి చిన్నచూపు. గొర్రెలింటి పిల్లకి గుర్రాల సంగతేం తెలుస్తుందని, కళ్ళెం ముట్టుకోనిచ్చేది కాదు, గుగ్గిళ్ళు పెట్టనిచ్చేది కాదు. చీపురూ తట్టా చేతికిచ్చి లద్దె ఎత్తమంది. లద్దె అంటే గుర్రం పేడలే. ముక్కు మూసుకోకురా, కథలో పేడ కంపు కొట్టదు!

నాంచారి చీపురు అందుకుంది. నలభై గుర్రాల లద్దె రోజూ ఎత్తేది. ఎత్తుతూ చూసేది. ఏది ఉండలుగా వేసింది, ఏది పలచగా వేసింది, ఏది అసలు వెయ్యలేదు అని.

ఊఁ కొడుతున్నారా? కొట్టండి మరి.

ఆ ఏడు వానలు బాగా పడి, ఏటిగట్టున గడ్డి మోకాలెత్తు లేచింది. ఏటా అక్కడే మేపడం, ఏటా అక్కడే పేడ వదిలెయ్యడం. రాజుగారు అన్ని గుర్రాల్నీ అక్కడికే తోలమన్నారు. నెల తిరిగింది, రెండు నెలలు తిరిగింది, ఇక మొదలైందర్రా. ఓ గుర్రం మేత మానేసింది. మాటిమాటికీ మెడ తిప్పి తన డొక్కకేసే చూసుకుంటుంది. ముందుకాలితో నేల గీరుతుంది. చెమటలు కారిపోతాయి. దభీమని పడి దొర్లుతుంది, లేస్తుంది, మళ్ళీ దొర్లుతుంది. పాపం, నోరులేని జీవం, అమ్మా కడుపునొప్పీ అని చెప్పుకోలేదుగా! నల్లది పడింది, ఎర్రది పడింది, మచ్చలది పడింది. తెల్లవైతే రెండు చచ్చేపోయాయి.

కొమరయ్య అన్నం మానేశాడు. రాజుగారు మంత్రినడిగారు, మంత్రి సేనాపతినడిగాడు, సేనాపతి కొమరయ్యనడిగాడు, కొమరయ్య ఆకాశంకేసి చూశాడు. అప్పుడొచ్చాడర్రా బూడిదప్ప, భూతవైద్యుడు. మొహం నిండా బూడిద, మెళ్ళో ఎముకల దండ. లాయం చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎప్పుడో యుద్ధంలో చచ్చిన రౌతు ఒకడు దయ్యమై గుర్రాల పొట్టలో కూచున్నాడని తేల్చాడు. ఎర్రగా కాల్చిన ఇనపకడ్డీతో డొక్కల మీద వాతలు పెడితే గానీ దిగడన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ దయ్యాన్ని వెంటపెట్టుకొచ్చింది కొత్తకోడలే, ఆ పిల్లని ఊళ్ళోంచి వెళ్ళగొట్టమన్నాడు.

సరిగ్గా మర్నాడు పొద్దున్నే పాలపిట్ట పడిపోయింది. పాలపిట్టంటే రాజుగారు ఎక్కే ఆడగుర్రం. ఆయన చేత్తో పెడితే తప్ప బెల్లం తినేది కాదు. అది నేల మీద పొర్లుతుంటే రాజుగారికి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇది గానీ చచ్చిందా, లాయంవాళ్ళంతా ఊరు విడిచి పోవాల్సిందేనన్నారు. బూడిదప్ప కడ్డీ కాల్చుకుని రానే వచ్చాడు.

అప్పుడు నాంచారి వెళ్ళి గుర్రానికీ ఆ కడ్డీకీ మధ్య నిలబడింది.

"మారాజా, ఇది దయ్యం కాదు. పురుగు" అంది.

"ఆడపిల్లవి, అడ్డం తప్పుకో!" అని అరిచాడు బూడిదప్ప.

నాంచారి తప్పుకోలేదు. చేతిలో ఉన్న ఆకు విప్పి చూపించింది. అందులో తెల్లగా, చదునుగా, నలిపిన మెతుకుల్లాంటి ముక్కలున్నాయి. నిన్న పాలపిట్ట వేసిన లద్దెలో కనిపించాయని చెప్పింది. వాళ్ళ నాన్న మందలో గొర్రెపిల్లలక్కూడా ఇలాగే వచ్చేదట. దాన్ని బద్దెపురుగు అంటారట. గడ్డిలో నలుసు, నలుసులో గుడ్డు, గుడ్డులోంచి పురుగు, పురుగుకి పొట్ట ఇల్లు! లద్దెలోంచి గడ్డికి పట్టిన ఆ నలుసు, మేతతోపాటు లోపలికి పోతుంది. పురుగులు పెరిగి పెరిగి పేగు మలుపులో గుంపుగా కరుచుకు కూచుంటాయి. దారి మూసుకుపోతే నొప్పి రాదా మరి?

రాజుగారు ఆ ఆకుకేసి చూశారు, పాలపిట్టకేసి చూశారు. "బతికిస్తావా అమ్మా?" అనడిగారు.

"నా చేతనైనదంతా చేస్తాను మారాజా. ఆ కడ్డీ మాత్రం దీనికి తగలనివ్వను."

రాజుగారు సరేనన్నారు. నాంచారి చీరచెంగు నడుముకి బిగించింది. ముందు మేతంతా తీయించేసింది. వెదురు గొట్టంతో ఆముదం తాగించింది. దొర్లితే పేగు మెలిపడుతుందని, కళ్ళెం పట్టుకుని లేపి నడిపించడం మొదలుపెట్టింది. లాయం ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి. గుర్రం కూలబడబోతుంది, ఈవిడ లేపుతుంది. మధ్యాన్నమయ్యేసరికి అరచేతులు బొబ్బలెక్కిపోయాయి.

అంతవరకూ గుంజకి ఆనుకుని చూస్తున్న సూరమ్మ, గబగబా వచ్చి కళ్ళెం రెండోపక్క పట్టుకుంది.

"కాసేపు మంచినీళ్ళు తాగిరా పిల్లా. నేను నడిపిస్తాలే" అంది.

"వద్దత్తా, ఇద్దరం నడిపిద్దాం."

అలా అత్తాకోడళ్ళు నడిచారు, నడిచారు, నడిచారు. ఎండ వాలుతుండగా పాలపిట్ట ఆగింది. తోకెత్తింది. ధబధబా లద్దె వేసింది! నవ్వుతారేంటర్రా? ఆ లద్దె చూసి రాజుగారు కిరీటం కింద పడేసి మరీ చప్పట్లు కొట్టారు!

నొప్పి తగ్గింది, మరి పురుగు పోవాలిగా. మూడ్రోజులు తవుడు జావ పట్టి ఓపిక రానిచ్చింది. నాలుగోరోజు మోదుగ గింజలు దంచి, బెల్లంలో కలిపి, రాజుగారి చేతికే ఇచ్చి తినిపించమంది. మర్నాడు పొద్దున్న లద్దెలో పడ్డాయర్రా పురుగులు! చిటికెనవేలంత పొడుగు, బద్దల్లా చదునుగా, తెల్లగా, ఒకటా రెండా, చేటెడు!

ఊరంతా చూడ్డానికొచ్చింది. బూడిదప్ప కూడా వచ్చి వెనకాల నక్కాడు. నాంచారి చేట పట్టుకెళ్ళి అతని ముందు పెట్టింది.

"అయ్యా, నువ్వు చెప్పిన రౌతు ఇందులో ఎవరో కాస్త చూపించు" అంది.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. బూడిదప్ప ఎముకల దండ తీసి చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే పరుగో పరుగు!

తర్వాత నాంచారి తక్కిన గుర్రాలన్నిటికీ మందు వేసింది. నల్లది లేచింది, ఎర్రది లేచింది, మచ్చలది లేచింది. ఏటిగట్టు గడ్డిని ఓ ఏడాది వదిలేయించి, మేపే చోట లద్దె ఎప్పటికప్పుడు ఎత్తించింది. రాజుగారు నిండుసభలో లాయం పెత్తనం నాంచారికిచ్చి, పాలపిట్ట మీద ఊరేగమన్నారు. నాంచారి ఏం చేసిందో తెలుసా? కొమరయ్యని కళ్ళెం పట్టుకోమని, సూరమ్మని తన వెనకాల ఎక్కించుకుంది! ముప్ఫై ఎనిమిది గుర్రాలు సకిలిస్తుంటే, డప్పులు మోగుతుంటే, వీధి వీధంతా పూలు జల్లారు. సూరమ్మ అయితే కనపడ్డవాళ్ళందరికీ చెప్పిందట, ఇది మా కోడలు, ఇది మా కోడలూ అని!

అందుకేనర్రా, కడుపునొప్పి వస్తే దయ్యమనీ దిష్టనీ హడావిడి పడకూడదు. దగ్గరుండి ఊడ్చి, ఎత్తి, కడిగేవాళ్ళని అడగాలి. వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

ఏమర్రా, ఊఁ వినపడదే? సరే, పడుకోండి. కథేమో కంచి దారి పట్టింది, మనమేమో కళ్ళు మూసుకుందాం.